పంజాబీ డ్రెస్సూ, పాతబస్తీ చేతులూ

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన వందకు పైగా దేశాల అమ్మాయిల్ని చార్మినార్ దగ్గర బస్సులు దింపి లాడ్ బజార్‌లో నడిపించారు. గాజులు చూపించారు, చౌమహల్లా ప్యాలెస్‌లో విందు ఇచ్చారు. తర్వాత పోచంపల్లి తీసుకెళ్ళి మగ్గాలు చూపించారు. మధ్యలో రామప్ప గుడి దగ్గర వాళ్ళ కాళ్ళు కడగడానికి మన స్త్రీలను నిలబెట్టిన ఫోటోలు బయటికొచ్చి పెద్ద గొడవయింది. మనం ఖండన ప్రకటనలు ఇచ్చాం. 1996లో బెంగుళూరులో ఇవే పోటీలు జరిగినప్పుడు మన ముందుతరం వాళ్ళు వీధుల్లోకి వచ్చి చేసిన పోరాటాన్ని గుర్తు చేసుకున్నాం. ఆ ప్రకటనల కింద నేనూ సంతకం పెట్టాను. మళ్ళీ పెట్టమన్నా పెడతాను.

కానీ ఆ ప్రకటన రాయడానికి కూచున్న రోజు ఒక విషయం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మేం పన్నెండుమందిమి ఉన్నాం. అందులో ఎనిమిదిమంది ఇక్కత్ కుర్తాలు వేసుకున్నారు, ఇద్దరు చేనేత చీరల్లో ఉన్నారు. "ఫ్యాషన్ పరిశ్రమ స్త్రీల శరీరాలను సరుకుగా మారుస్తోంది" అనే వాక్యం మీద అరగంట చర్చించాం. మా ఒంటి మీద ఉన్న ఫ్యాషన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తట్టలేదు. అది ఫ్యాషన్ కాదని, అది "సింపుల్‌గా ఉండడం" అని మన నమ్మకం. నేను అడిగితే ఒక మిత్రురాలు నవ్వి, "ఇది కూడా ఒక ప్రశ్నేనా?" అంది. ఇది ప్రశ్నేనని చెప్పడానికే ఈ వ్యాసం.

ఉద్యమ స్త్రీ అంటే మన కళ్ళ ముందు ఒక రూపం ఉంది. కాటన్ కుర్తా, భుజాన సంచి, కాళ్ళకి చెప్పులు. ఈ రూపం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో ఆలోచించారు, ఎవరో రంగులు కలిపించారు, ఎవరో నూలుకి ముడులు వేశారు, ఎవరో నేశారు, ఎవరో కుట్టారు. ఈ వరసలో ఒకే ఒక్క చోట మనకి పేరు తెలుసు. అది దుకాణం బోర్డు మీద ఉన్న పేరు.

ముందు మన డ్రెస్సు పేరు సంగతే చూద్దాం. నేను 1998లో నల్గొండలో డిగ్రీలో చేరాను. అంతకు ముందు వరకూ లంగా ఓణీ. కాలేజీకి సైకిల్ మీద పోవాలి కాబట్టి డ్రెస్సు కుట్టించమని అడిగితే మా అమ్మ, "తురుకోళ్ళ లెక్క గా బట్టలేందే?" అంది. నాలుగు రోజులు ఇంట్లో రభస నడిచింది. చివరికి మా మేనమామ వచ్చి, "అక్కా, అది తురుకోళ్ళది కాదే, పంజాబీ డ్రెస్. సినిమాల్ల అందరూ ఏస్తుండ్రు" అని సర్దిచెప్పాడు. అమ్మ ఒప్పుకుంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది గానీ, తర్వాత సోషియాలజీ చదువుకున్నాక ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో అర్థమయింది. మన పక్కనే, నల్గొండలోనూ, హైదరాబాద్ పాతబస్తీలోనూ ముస్లిం స్త్రీలు తరతరాలుగా కుర్తీ, చూడీదార్, దుపట్టా వేసుకుంటున్నారు. ఖడా దుపట్టా అనే పెళ్ళి దుస్తులు హైదరాబాద్‌కే సొంతం. ఆరు గజాల దుపట్టా ఒంటి చుట్టూ నిలువుగా జారవిడిచే ఆ తీరు ఈ దేశంలో మరోచోట లేదు. అయినా ఆ కుర్తాని మన తెలుగిళ్ళలోకి తెచ్చుకోవాలంటే దాని పక్కింటి పేరు చెరిపేసి, వెయ్యి మైళ్ళ అవతలి పంజాబ్ పేరు పెట్టుకోవలసి వచ్చింది. పక్కింటావిడ బట్ట మైల, సినిమా హీరోయిన్ బట్ట ముద్దు.

పాతబస్తీ స్త్రీకీ బట్టకీ సంబంధం అనగానే మన చర్చలు ఒక్క బురఖా దగ్గరే ఆగిపోతాయి. 2022లో కర్ణాటక కాలేజీల్లో హిజాబ్ గొడవ వచ్చినప్పుడు మనం ఎన్ని సమావేశాలు పెట్టుకున్నామో గుర్తు తెచ్చుకోండి. ఆ పిల్లలు చదువుకునే హక్కు కోసం మాట్లాడాం, మంచిదే. కానీ పాతబస్తీ స్త్రీని బట్ట కప్పుకునే మనిషిగా తప్ప, బట్టను తయారుచేసే మనిషిగా, బట్ట ఎలా ఉండాలో నిర్ణయించే మనిషిగా ఒక్కసారయినా చూశామా?

అలా నిర్ణయించిన ఒక హైదరాబాదీ ముస్లిం స్త్రీ గురించి చెప్పాలి. ఆమె పేరు సురయ్యా హసన్ బోస్. 1928లో పుట్టి, 2021 సెప్టెంబర్‌లో తన 93వ ఏట చనిపోయింది. ఆమె గురించి రాసిన ఏ వ్యాసం తీసుకున్నా ముందు మగవాళ్ళ జాబితా వస్తుంది. గాంధీ అనుచరుడు, ఆబిడ్స్‌లో పుస్తకాల దుకాణం నడిపిన బద్రుల్ హసన్ కూతురు. సుభాష్ చంద్రబోస్‌తో పాటు జలాంతర్గామిలో ప్రయాణించిన, "జైహింద్" నినాదం ఇచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ అన్న కూతురు. బోస్ కుటుంబానికి చెందిన అరబిందో బోస్ భార్య. ఇవన్నీ నిజాలే. కానీ ఈ జాబితా అయిపోయేసరికి వ్యాసంలో సగం చోటు అయిపోతుంది. మిగిలిన సగంలో "అంతరించిపోతున్న నేత కళలను కాపాడిన మహనీయురాలు" అని ఒక ముక్క. కాపాడడం! ఆడది ఏది చేసినా కాపాడడమే. పిల్లల్ని కాపాడుతుంది, వంశాన్ని కాపాడుతుంది, సంప్రదాయాన్ని కాపాడుతుంది. అదే పని మగవాడు చేసి ఉంటే అతన్ని డిజైనర్ అనేవాళ్ళం.

ఆ ఇంటి స్త్రీ చరిత్ర కావాలంటే ట్రూప్ బజార్‌లోని ఆబిద్ మంజిల్‌కి వెళ్ళాలి. ఆమె నాయనమ్మ ఫక్రుల్ హాజియా హసన్ విదేశీ బట్టల్ని ఆ ఇంటి ఆవరణలోనే తగలబెట్టించింది. నిజాం రాజ్యంలో, పెద్ద ఉద్యోగి ఇంట్లో జరిగిన పని ఇది. బట్ట రాజకీయమని ఆ ఇంటి ఆడవాళ్ళకి మనం పుట్టకముందే తెలుసు.

సురయ్యా స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో హైదరాబాద్‌లోని ప్రభుత్వ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియంలో పనికి చేరింది. తర్వాత ఢిల్లీలో పుపుల్ జయకర్ దగ్గర, చేనేత హస్తకళల ఎగుమతి కార్పొరేషన్‌లో పనిచేసింది. ఆ రోజుల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ, పుపుల్ జయకర్ లాంటి వాళ్ళు చీరాల తేలియా రుమాళ్ళను చూసి, ఆ నేతతో చీరలూ దుపట్టాలూ నేయమని నేతగాళ్ళను అడిగారు. తేలియా రుమాలు అప్పటిదాకా మగవాళ్ళ బట్ట. నూనెలో నానబెట్టిన నూలుతో, ఎరుపు నలుపు తెలుపు రంగుల్లో నేసిన ఆ చదరపు గుడ్డ అరబ్బు దేశాలకు ఓడలెక్కి పోయేది, ఇక్కడ మన పల్లెల్లో మగవాళ్ళ తలకో భుజానికో చేరేది. దాన్ని ఆడవాళ్ళ ఒంటి మీదికి తెచ్చింది ఆడవాళ్ళే.

1970లలో సురయ్యా హైదరాబాద్ తిరిగొచ్చి దక్కన్ ఎక్స్‌పోర్ట్స్ పేరుతో సొంతంగా పని మొదలుపెట్టింది. ఆమె ఇక్కత్ నేయించింది చీరలుగా మాత్రమే కాదు, తానులుగా, మీటర్ల లెక్కన కత్తిరించి అమ్మే బట్టగా. ఇది చిన్న మార్పులాగా కనిపిస్తుంది. కాదు. నేత తెలిసినవాళ్ళకి ఇందులో కష్టం అర్థమవుతుంది. చీరకి మొదలూ చివరా ఉంటాయి, అంచు ఉంటుంది, కొంగు ఉంటుంది. నూలు మీద ఎక్కడ ముడి వేయాలో, ఎక్కడ రంగు అద్దాలో ఆ కొలతను బట్టే నిర్ణయిస్తారు. తానుకి అవేవీ లేవు. ఎక్కడ కత్తిరించినా డిజైను తెగకూడదు, కుట్టు దగ్గర కలవాలి. పడుగుకి మాత్రమే చిటికి కట్టి, పేక మామూలు రంగు నూలు పెడితే ఒకసారి కట్టిన ముడులతో పొడుగాటి పడుగు వస్తుంది, నేత వేగంగా సాగుతుంది, ధర తగ్గుతుంది. చీర కొనలేని అమ్మాయి రెండున్నర మీటర్లు కొని కుట్టించుకోగలుగుతుంది.

ఆమె నేయించిన బట్ట జాన్ బిసెల్ నడిపిన ఫాబ్ ఇండియాకి వెళ్ళింది. 1960లో ఎగుమతుల కోసం మొదలయిన ఆ సంస్థ 1976లో ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచింది. ముందు పరదాలు, దుప్పట్లు, తర్వాత కుర్తాలు. దేశమంతటా చదువుకున్న మధ్యతరగతి స్త్రీలు, అధ్యాపకులు, మన లాంటి కార్యకర్తలు రోజూ వేసుకునే బట్టగా ఇక్కత్ మారిన దారిలో ఈ హైదరాబాదీ స్త్రీ కన్నూ చెయ్యీ ఉన్నాయి. ఇప్పుడు ఆ డిజైన్లను ప్రింటు వేసి ఫుట్‌పాత్‌ల మీద కూడా అమ్ముతున్నారు. సుల్తాన్ బజార్‌లో చూడండి. అది చేనేతని చంపుతోందని వేరే బాధ ఉంది, దాని మీద విడిగా రాయాలి. కానీ ఎంత కాపీ అవుతోందో అంత ప్రభావం ఉన్నట్టేగా!

అమెరికాలో క్లేర్ మెకార్డెల్ అని ఒక డిజైనర్ ఉండేది. 1942లో ఇంటిపని చేసుకుంటూ వేసుకోగల పాపోవర్ డ్రెస్ తయారుచేసింది. డెనిమ్, కాటన్ లాంటి మామూలు బట్టలతో, జేబులు పెట్టి, ఎవరి సాయం లేకుండా వేసుకోగలిగే దుస్తులు ఇచ్చింది. కార్సెట్లు బిగించుకున్న ఆడవాళ్ళకి కదలడం ఇచ్చిందని ఆమె మీద పుస్తకాలు వచ్చాయి, మ్యూజియంల్లో ఆమె బట్టలు పెట్టారు. అక్కడి స్త్రీవాదులు ఆమెను తమ చరిత్రలో భాగం చేసుకున్నారు. మన దగ్గర ఈ పని ఎందుకు జరగలేదు? బట్టల గురించి రాస్తే సీరియస్ పరిశోధన కాదనుకునే మన అహంకారం ఒక కారణం. నా పీహెచ్‌డీ రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. (జేబుల విషయంలో మాత్రం మెకార్డెల్ ఇంకా మన దర్జీల దాకా రాలేదు. సగం జీతం సెల్‌ఫోన్ మీద పెట్టి, దాన్ని జాకెట్లో దోపుకుంటున్న జాతి మనది.)

సురయ్యాని దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. సంపన్న జాతీయవాద కుటుంబం, చదువు, ఢిల్లీ పరిచయాలు, ఇవన్నీ ఆమెకు ఉన్నాయి. ఆమె వ్యాపారి. అదే తెలివి ఉన్న పుట్టపాక నేతగత్తెకి జాన్ బిసెల్ ఎదురయ్యే అవకాశం లేదు. ఈ మాట అనకుండా ఆమెని పొగిడితే మనం చేసేది ఫ్యాషన్ పత్రికల పనే అవుతుంది. అయినా ఆమె చేసిన ఒక పని దగ్గర నేను ఆగిపోతాను. నిజాం కాలంలో షేర్వానీలకు వాడిన హిమ్రూ, లోపల నూలు బయట పట్టు మెరిసే మష్రూ, ఈ నేతలు తెలిసిన ఉస్తాద్‌లు ఒక్కొక్కరే పోతున్నప్పుడు ఆమె రాయదుర్గంలో, హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర పాత జాలా మగ్గాలు పెట్టించి, భర్తలు పోయిన స్త్రీలకు ఆ నేత నేర్పించింది. పక్కనే సఫ్రానీ పేరుతో బడి పెట్టి వాళ్ళ పిల్లలకు చదువు చెప్పించింది. మగ ఉస్తాద్ తన కొడుక్కో అల్లుడికో తప్ప నేర్పని విద్యని విధవల చేతికి ఇచ్చింది. మగ్గం ముందు కూచున్న ఆ స్త్రీలను చూసి "ఆదరణ" అనీ "పునరావాసం" అనీ రాశారు. వాళ్ళు ఆ విద్యకి వారసులయ్యారని రాయాలి.

ఎందుకంటే మగ్గం మీద కూచోవడమే మన దగ్గర ఆడవాళ్ళకి దొరకని హోదా. పోచంపల్లి, పుట్టపాక ఇళ్ళల్లోకి వెళ్ళి చూడండి. మగ్గం మీద ఉన్నది నేతకారుడు. కండెలు చుట్టేది, ఆసు పోసేది, చిటికి కట్టేది, గంజి పెట్టేది అతని భార్య, తల్లి, కూతురు. వాళ్ళు "సాయం" చేస్తారు. ఆసు పోయడమంటే ఒక్క చీరకి సుమారు 9,000 సార్లు చెయ్యి పైకీ కిందికీ ఆడించడం. తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. సంతోషమే, ఆయన చేసింది గొప్ప పని. కానీ తరాలుగా భుజాలు అరిగిపోయిన ఆడవాళ్ళ నొప్పి, ఒక కొడుకు చూసేదాకా మన ఆరోగ్య సర్వేల్లోకి గానీ, చేనేత సంఘాల తీర్మానాల్లోకి గానీ, నిజం చెప్పాలంటే మన పత్రికల్లోకి గానీ ఎందుకు రాలేదు? 2019–20 జాతీయ చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్ళు తేలారు. నేసేవాళ్ళలో నూటికి డెబ్బైమందికి పైగా స్త్రీలు. ఇందులో ఈశాన్య రాష్ట్రాల వాటా పెద్దదనేది నిజం. అయినా లెక్క లెక్కే. ఆ మరుసటి ఏడాదే, 2020లో, కేంద్రం అఖిల భారత చేనేత బోర్డునీ హస్తకళల బోర్డునీ రద్దు చేసింది. పుపుల్ జయకర్, కమలాదేవి తరం స్త్రీలు నిలబెట్టిన సంస్థలవి. కరోనా గొడవలో మనం గట్టిగా అరవను కూడా లేదు.

ఇక పాతబస్తీకి వస్తాను. ఇవాళ ఆంధ్రా తెలంగాణల్లో ఏ ఊరికి వెళ్ళినా "మగ్గం వర్క్ చేయబడును" అని బోర్డు కనిపిస్తుంది. పెళ్ళి జాకెట్ల మీద జరీతో, పూసలతో, కుందన్లతో చేసే ఆ పని పేరు హైదరాబాద్‌లో కార్చోబ్. బట్టని చట్రానికి బిగించి చేస్తారు కాబట్టి దాన్ని చూసి మనవాళ్ళు మగ్గం అన్నారు. మళ్ళీ అదే కథ. పంజాబీ డ్రెస్‌లాగే ఇక్కడా అసలు పేరు పోయింది, పేరుతో పాటు మనుషులూ పోయారు. యాకుత్‌పురా, తలాబ్ కట్టా, షాలిబండ గల్లీల్లో ఒక గది ఇంట్లో, చట్రానికి ఇటు ఇద్దరు అటు ఇద్దరు కూచుని కుట్టే అక్కచెల్లెళ్ళను నేను చాలాకాలంగా చూస్తున్నాను. గది వాళ్ళది, కరెంటు బిల్లు వాళ్ళది, సూది వాళ్ళది, పాడయ్యే కళ్ళు వాళ్ళవి. డిజైను కాగితం మధ్యవర్తి తెస్తాడు, ముక్కకింత అని అతనే చెప్తాడు. బంజారాహిల్స్‌లో ఆ జాకెట్ ఎంతకి అమ్ముడవుతుందో వాళ్ళకి తెలియకుండా ఉండడానికే ఆ మధ్యవర్తి ఉన్నాడు.

డిజైను కాగితం మీద పువ్వు గీసి ఉంటుంది. ఆ పువ్వులో ఏ రేకు దగ్గర సల్మా పెట్టాలో, ఎక్కడ మోతీ ఆపాలో, మెడ దగ్గర బరువు ఎక్కువై బట్ట జారకుండా ఎక్కడ తేలిక చేయాలో కాగితంలో ఉండదు. అది కుట్టే మనిషి నిర్ణయం. డిజైన్ అంటే ఇదే కదా? "మీ పేరు ఎక్కడైనా రాస్తారా?" అని నేనొక పెద్దావిడని అడిగాను. ఆమె సూది ఆపకుండానే, "హమారా నామ్ కౌన్ లిఖ్తా బాజీ, హమ్ తో హాథా హై" అంది. మా పేరెవరు రాస్తారు, మేం చేతులమే కదా అని.

1995లో హైదరాబాద్‌లో నిఫ్ట్ కాలేజీ వచ్చింది. అక్కడి పిల్లలు పాతబస్తీకి వచ్చి ఈ స్త్రీల దగ్గర కూచుని పని నేర్చుకుని పోతే మంచిదే. వాళ్ళకి డిగ్రీ వస్తుంది. నేర్పినామెకి ఏమొస్తుంది? ఇంట్లో కూచుని పనిచేసేవాళ్ళు కూడా కార్మికులేనని, మిగతా కార్మికులతో సమానంగా చూడాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందం చేసింది. దాని వెనక ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల సంఘాల పోరాటం ఉంది, మన దేశపు సేవా సంస్థ అందులో ముందు నిలిచింది. భారత ప్రభుత్వం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. సుందరి పోటీలకి దొరికిన డబ్బూ శ్రద్ధా పాతబస్తీలో ఇంటింటి పనివాళ్ళ జాబితా తయారుచేయడానికి దొరకలేదు. ప్రభుత్వాన్ని ఈ మాట నిలదీసి అడగాలి, ముక్క రేటుకి కనీస వేతనం కట్టి తీరాలని అడగాలి.

కానీ ప్రభుత్వాన్ని తిట్టి ముగిస్తే నాకు నిద్ర పట్టదు. రెండేళ్ళ క్రితం ఒక స్వచ్ఛంద సంస్థ జరిపిన జాతీయ సదస్సుకి వెళ్ళాను. సంస్థ పేరు ఇక్కడ రాయను. మీలో కొందరు వచ్చే ఉంటారు. అంశం అసంఘటిత రంగంలో స్త్రీల శ్రమ. అందరికీ ఒక్కో సంచి ఇచ్చారు. ఇక్కత్ గుడ్డ, మీద జరీ పువ్వు, లోపల చిన్న కార్డు: "పాతబస్తీ మహిళల చేతిపని." చాలా అందంగా ఉంది. నేను రెండు రోజులు భుజాన వేసుకు తిరిగాను. ముక్కకి ఎంత ఇచ్చారని నిర్వాహకులను అడిగితే, అది కాంట్రాక్టరు చూసుకున్నాడని చెప్పారు.

మూడు నెలల తర్వాత యాకుత్‌పురా వెళ్ళినప్పుడు ఆ సంచే నా భుజాన ఉంది. ఆ పెద్దావిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, తిరగేసి, లోపలి కుట్లు వేలితో తడిమి చూసింది. తన కోడలిని పిలిచి చూపించింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఇవి మీరు కుట్టినవేనా అని అడిగాను. పక్కింటి ఆపా కుట్టిందని, మేం పూసలు కుట్టామని చెప్పింది. "బాగుందా బాజీ?" అని అడిగింది. చాలా బాగుందన్నాను. అప్పుడు చెప్పింది, దాని పైసలు ఇంకా రాలేదని.

మర్నాడు నేను ఆ సంస్థకి ఫోన్ చేశాను. అకౌంట్స్ విభాగంలో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కాంట్రాక్టరుకి చెక్కు ఎప్పుడో ఇచ్చేశామంది. కుట్టినవాళ్ళకి అందిందో లేదో కనుక్కోవాలంటే వాళ్ళ పేర్లు, సంతకాలు ఉన్న వోచర్లు కావాలంది. పేర్లు ఎవరూ రాసుకోలేదు.